బేస్ నాబ్ దొరవారికి ఒక దరఖాస్తు

మహారాజశ్రీ బేస్ నాబ్ దొరవారి సముఖానికి,

నల్లగొండ నుంచి పాలమూరు దాకా పెళ్లి బరాత్‌లల్ల, బోనాలల్ల, వినాయకుని ట్రాక్టర్ల మీద తమరిదే రాజ్యం. "అన్నా, బేస్ పెంచు" అని ఒక్క కేక పడితే చాలు, పన్నెండు గంటల మీద ఉన్న తమరు అయిదు గంటల మీదికి తిరుగుతరు. ఇంటి రేకులు వణుకుతయి. దానికి మాకేం పేచీ లేదు, బరాత్ బరాత్ లెక్కనే ఉండాలె. కానీ డబ్ రెగే (జమైకా రెగే పాటను విప్పి, బేసూ డ్రమ్సూ ముందర పెట్టి, ఎకో కలిపి చేసే సంగీతం) రికార్డింగుకు గూడ అదే దర్జాతోని వచ్చి కుర్చీ ఏసుకుంటుంటే ఈ దరఖాస్తు పెట్టక తప్పలేదు.

"డబ్ అంటేనే బేస్ గదా" అని తమరంటరు. నిజమే. పాటను విప్పి గొంతు, గిటారు, ఆర్గను ఒక్కొక్కటే పక్కకు తీస్తే ఆఖరికి మిగిలేది బేసూ డ్రమ్సే. అయితే ఆ బరువు తమరిని తిప్పితే వచ్చింది కాదు.

చిన్న మిక్సర్ల మీద తమరు మామూలుగా 80 హెర్ట్జ్ (సెకనుకు 80 అదుర్లు) దగ్గరి షెల్ఫ్. 15 డెసిబెళ్ల (సప్పుడు కొలత) దాకా ఎక్కిస్తరు, దించుతరు. షెల్ఫ్ అంటే ఒక్క సర్వే నంబరు కాదు, 80 కింది శివారంత తమరిదే. పైన గూడ 200 దాకా మెల్లగ గెట్టు జరుపుతరు. నాలుగు తీగల బేస్ గిటారు లావు తీగను ఒట్టిగ మీటితే 41 హెర్ట్జ్. దాని కింద ఉండేది స్టాండుకు కాలు తగిలిన సప్పుడు, రోడ్డు మీద పోయే వడ్ల లారీ గుడగుడ. తమరు వాటికి గూడ అంతే ప్రేమగ నీళ్లు పెడతరు. 12 డెసిబెళ్లు ఎక్కిస్తే ఆంప్ 16 రెట్ల పవర్ ఇయ్యాలె. ఆ బిల్లు ఎప్పుడన్న చూసిండ్రా?

ఇంక కరెంటు ముచ్చట. మన కరెంటు 50 హెర్ట్జ్. లావు తీగ మీద మూడో ఫ్రెట్ ఒత్తితే వచ్చే 'జీ' స్వరం 49. కరెంటు వల్ల వచ్చే గుంయి సప్పుడు (హమ్ము), స్వరం రెండూ కలిస్తే సెకనుకు ఒక్కపారి ఊగుతది, ఊయలెక్కినట్టు. దాని పై 'జీ' 98, హమ్ము రెండో మెట్టు 100. అక్కడ సెకనుకు రెండు ఊపులు. నింద మాత్రం "వాయించేటోనికి చెయ్యి నిలకడ లేదు" అని వాయించేటోని మీద. తమరిని పెంచితే రెండూ పెరుగుతయి, దించితే రెండూ దిగుతయి, ఊపు ఊపే. మందు వేరే ఉంది. ఫ్యాన్ రెగ్యులేటర్ బంద్ చెయ్యాలె, గిటారుది సింగిల్ కాయిల్ పికప్ (తీగల అదురును పట్టే ఒంటి చుట్ట) అయితే హమ్ము తగ్గే దిక్కుకు గిటారు తిప్పి కూసోవాలె, డీఐ బాక్స్ (గిటారును నేరుగ మిక్సర్‌కు కలిపే డబ్బా) మీద గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ వైరు ఎర్త్ లింకు తెంపే బటన్) ఒత్తి చూడాలె. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకే మొనగాళ్లు ఉంటరు. అది రికార్డింగు కాదు, షాకుకు పిలుపు.

తమరి అసలు కుట్ర గదిలో ఉంది. 12 అడుగుల పొడుగు గది 47 హెర్ట్జ్ దగ్గర మోగుతది. మూలల్ల గుమగుమ, సరిగ్గా నడిమిట్ల ఏం వినపడదు. మిక్స్ చేసేటాయన కుర్చీ ఎక్కడుంటది? నడిమిట్లనే. బేస్ లేదనుకుంటడు, తమరిని పెంచుతడు. ఆ పాట బయట కారులో పెడితే డోర్లు ఊడొస్తయి. గోడలకు గోనె సంచులు కట్టినం గదా అంటరు. అవి తాళాల చురుకును మింగుతయి గానీ తమరి జోలికి రావు. 50 హెర్ట్జ్ అల ఏడు మీటర్ల కాడికి ఉంటది, సంచి మందం అంగుళం లేదు. మూలల్ల అడుగున్నర, రెండడుగుల మందంగ పత్తి నింపి, కుర్చీని ముందు గోడకు నాలుగున్నర అడుగుల కాడికి జరిపితే తమరికి సగం పని తప్పుతది.

డబ్ బేస్‌ను తమరి దాకా రాకముందే తయారు చెయ్యాలె. ఫ్లాట్‌వౌండ్ (నున్నటి చుట్టు) తీగలు, నెక్ పికప్, గిటారు మీది టోన్ దాదాపు మూత. బ్రిడ్జి కాడ తీగల కింద స్పాంజి ముక్క పెట్టి, మెడ దగ్గర బొటనేలితోని మీటాలె. స్వరం "డుమ్" అని పడి ఆగాలె, సాగొద్దు. డీఐతోని పొడిగ, ఎకోలేం కలపకుండ రికార్డు చేసి, 30 కింద కోసి, బురదగా ఉంటే 250 దగ్గర రెండు మూడు డెసిబెళ్లు దించాలె. ఫోన్ స్పీకర్ 41 పలకదు కాబట్టి 800 దగ్గర ఇంచుక లేపితే వేలి సప్పుడు వినపడి చెవి మిగతాది పూరించుకుంటది. కాలితోని కొట్టే కిక్ డ్రమ్ములో దుప్పటి కుక్కి 100 కాడ కూసోబెట్టాలె. వన్ డ్రాప్ అనే రెగే తాళంల మూడో దెబ్బ మీద కిక్కూ స్నేర్ డ్రమ్ము అంచూ (రిమ్ము) కలిసి పడేటప్పుడు బేస్‌తోని గెట్టు పంచాయితీ రావద్దు.

మిగిలినోళ్లు జాగ ఇస్తేనే తమరికి ఈ వైభవం. స్కాంక్ గిటారు (దెబ్బకూ దెబ్బకూ నడుమ టక్కున కొట్టే గిటారు) 250 కింద వదులుకుంటది. ఒక్కదాన్నే వింటే దోమ లెక్క ఉంటది, అయినా తిరిగి లావు చెయ్యొద్దు. ఆర్గను 200 కింద, హైహ్యాట్ (డ్రమ్ముల కాడి జోడు తాళాలు) 400 కింద. ఊదుకుంట మెట్లు ఒత్తి వాయించే మెలోడికాకు మైకు అడుగు దూరంల, ఊపిరి నేరుగ తగలకుండ పక్కకు. గీరితే 3 కిలోహెర్ట్జ్ కొంచెం దించాలె. డప్పుకు మైకు రెండడుగుల దూరంల, ఏటవాలుగ. 100 కింద కోస్తే సాలు, 250 దాకా పోతే రేకు డబ్బా అయితది. సిటికెన పుల్ల చురుకు ఎకోలో మస్తుగ పలుకుతది. కానీ మంట కాడ కాపిన తోలు సల్లారితే సుతి దిగుతది, అందుకే టేకులు చిన్నగ పెట్టుకోవాలె.

జమైకా కింగ్‌స్టన్‌ల డబ్ మిక్సులకు పేరుపడ్డ కింగ్ టబ్బీ రేడియోలు బాగుచేసే మనిషి. ఆయన మిక్సర్ మీద పేరుపడ్డ నాబ్ తమరి చుట్టం కాదు, పగోడు: 70 హెర్ట్జ్ నుంచి 7.5 కిలోహెర్ట్జ్ దాకా మెట్టు మెట్టుగ కింది భాగాన్ని కోసుకుంట పోయే హై పాస్ ఫిల్టర్. తమరి రాజ్యంల పుట్టిన సంగీతానికి తమరిని ఎల్లగొట్టే నాబే గుర్తు!

ఎకో కాడికైతే తమరు అసలే రావద్దు. 75 టెంపోకు (నిమిషానికి 75 దెబ్బలు) ఒక దెబ్బ 800 మిల్లీసెకన్లు, ముప్పావు దెబ్బ 600. ఎకో నుంచి తిరిగొచ్చే సప్పుడును (ఎకో రిటర్న్) మిక్సర్ చానల్ ఫేడర్ మీదికి తెచ్చి, మళ్ల ఎకోకే పంపుతం. ఆ చానల్‌ల తమరు మూడు డెసిబెళ్లు ఎక్కి కూసుంటే అది చక్రవడ్డీ. నడిమి స్వరాలు తిరిగిన కొద్దీ సన్నబడుతుంటే కిందిది ప్రతి సుట్టుకు లావై, నాలుగైదు సుట్లకు హోరెత్తుతది. అందుకే అక్కడ 300 కింద కోత, 3 కిలోహెర్ట్జ్ పైన గూడ కోత.

కాబట్టి దొరా, రికార్డింగు అయ్యేదాకా పన్నెండు గంటల మీద కదలకుండ ఉండుండ్రి. శుక్రారం బరాత్ ఉంది, అక్కడ మీ ఇష్టం.

ఇట్లు,
200 హెర్ట్జ్ పైన పట్టా ఉన్నోళ్లం