బావగారు సర్దిన చదరంగం

దూరాన ఉన్న స్నేహితుడితో కరస్పాండెన్స్ చెస్, అంటే ఎత్తులు ఒకరికొకరు రాసి పంపుకునే చదరంగం, ఆడుతున్నాను. ఎత్తుకి మూడు రోజుల గడువు, పుస్తకాలు చూసుకోవచ్చు, కంప్యూటర్ మాత్రం ముట్టకూడదు. ఇలాంటి చదరంగానికి అంతర్జాతీయ సమాఖ్య అయిన ఐసీసీఎఫ్ పోటీల్లో ఇంజిన్లు, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాములు, వాడుకోవచ్చు గానీ, మాకు మా బుర్రలతోనే ఆడాలని పంతం. అందుకే హాల్లో చెక్క బోర్డు పరిచాను. మధ్యలో జరిగిందంతా వదిలేయండి, ఆట నా వైపే ఉంది.

మొన్న పొద్దున్నే బోర్డు చూసి ఉలిక్కిపడ్డాను. అవతలి రాజు జీ8 గడిలో, ముందు మూడు బంట్లు గోడ కట్టినట్టు, పారిపోవడానికి సందు లేదు. నా మంత్రిని డీ8లో పెట్టి చెక్ చెబితే అతను ఏనుగుతో కొట్టక తప్పదు, దాన్ని నా ఏనుగు కొడితే మేట్. మంత్రి బలి! పుస్తకాల్లో చదవడమే గానీ మన చేతికి దొరుకుతుందా ఇలాంటిది? గడువు అయిపోవచ్చేదాకా ఎటు తిరిగి చూసినా మేటే. గెలిచాక వినయంగా ఎలా నవ్వాలో అద్దం ముందు ప్రాక్టీస్ కూడా అయింది. ఈ ఆటలో "నువ్విలా ఆడితే నేనిలా" అని తర్వాతి ఎత్తు ముందే పంపొచ్చు, పంపాక వెనక్కి తీసుకోవడం కుదరదు. రెండూ కలిపి పంపేసి, కింద "బాగా ఆడావు, బాధపడకు" అని ఓదార్పు కూడా రాశాను.

జవాబొచ్చింది: "రాజు హెచ్7. మంత్రినెందుకు పారేసుకున్నావ్? కంప్యూటర్ వాడట్లేదని మాత్రం నమ్మకం కుదిరింది."

హెచ్7లో వాడి బంటుంది కదా! లేదు. అది ఎప్పుడో హెచ్6కి వెళ్లింది, సరిగ్గా ఇలాంటి మేట్ తప్పించుకోవడానికే.

మా ఇంటికొచ్చిన బావగారిని అడిగాను. "దుమ్ము పట్టిందని తుడిచానోయ్. అన్నీ ఎక్కడివక్కడే పెట్టా. అదొక్కటే వరస తప్పి ముందుకొచ్చి ఉంటే వెనక్కి జరిపా, చూడ్డానికి బాగుంటుందని."

ఉత్తరాల మీద ఆడిన ఒక చెస్ ఒలింపియాడ్ 1987లో మొదలై 1995లో ముగిసింది. కంచు పతకం గెలిచిన తూర్పు జర్మనీ 1990లోనే మాయమైంది. దేశం పోయినా వాళ్ల బంట్లు ఉన్న గడిలోనే ఉన్నాయి, ఎందుకంటే అక్కడ మా బావగారు లేరు. ఆయనేమో ఇప్పుడు, బోర్డు అలా పరిచి ఉంచితే దుమ్ము పట్టక ఏమవుతుందని నాకే క్లాసు పీకుతున్నారు.

ఓటమి ఇంకా ఒప్పుకోలేదు. మూడు రోజుల గడువుంది, మూడూ వాడుకుంటాను.