అరబిక్ క్రియలకు తెలుగే దగ్గరి దారి

యుఏఈలోని ప్రైవేటు బడులలో అరబ్బులు కాని పిల్లలు కూడా ఒకటో తరగతి నుంచి తొమ్మిదో తరగతి వరకు అరబిక్ తప్పనిసరిగా చదవాలి. అన్నేళ్లు చదివే భాషను మన ఇళ్లలో మాత్రం పదో తరగతికి రాగానే వదిలిపోయే సబ్జెక్టుగానే చూస్తూ, 'మాకు రాదు కదా' అంటూ ట్యూషన్‌కు అప్పగించేస్తున్నాము. క్రియాపదాల విషయంలోనైనా ఈ ధోరణి మారాలి, ఎందుకంటే అక్కడ తెలుగు తల్లిదండ్రులు చేయగలిగిన సాయం చాలా ఉంది.

మా అమ్మాయి నాలుగో తరగతిలో 'కతబ' (రాశాడు) అనే క్రియ పట్టికను ఇంగ్లీషు అర్థాలతో బట్టీ పట్టేది. ఇంగ్లీషులో ఎవరు రాసినా ఆ భూతకాల క్రియ ఒకటే కనుక, కతబ్తు, కతబ, కతబత్ అని చివరలు ఎందుకు మారుతున్నాయో తనకు అంతుపట్టలేదు. ఒకరోజు వాటి పక్కనే రాశాను, రాశాడు, రాసింది అని రాసి చూపించాను. 'నేను' అని విడిగా చెప్పకపోయినా క్రియ చివరను బట్టి రాసింది ఎవరో తెలియడం తనకు ముందే వచ్చిన విద్య అని అప్పుడు గ్రహించింది. ఇంట్లో తెలుగు వినని బిడ్డకు ఈ ఆసరా దొరకదు.

తేడాలను దాచకూడదు. ఎదుట ఉన్నది అబ్బాయైతే కతబ్త, అమ్మాయైతే కతబ్తి అనాలి. ఇద్దరికి ద్వివచనం వేరు. వర్తమానంలో అక్తుబు, యక్తుబు అంటూ మార్పు పదం మొదట్లోకి వస్తుంది. వీటికి సాధన ఒక్కటే మార్గం, అందుకు వీధి చాలు. తలుపుల మీద కనిపించే ఇద్ఫఅ (తొయ్యి), ఇస్‌హబ్ (లాగు) ఆజ్ఞార్థక క్రియలే. ఎనిమిది భుజాల ఎర్ర పలక మీది 'కిఫ్' అంటే ఆగు. దాని మూలమైన 'వకఫ' నుంచే పార్కింగ్ స్థలాలను సూచించే మవాకిఫ్, మన ఊళ్లలో వినే వక్ఫ్ కూడా వచ్చాయి. మెట్రోలో బయటికి దారి చూపే 'మఖ్రజ్'కూ మనం వాడే 'ఖర్చు'కూ మూలం ఒకటే, బయటికి వెళ్లడం. 'దాఖలు' వెనుక ఉన్నది లోపలికి వెళ్లాడనే అర్థమిచ్చే 'దఖల'.

బడులు కూడా 14 రూపాల పట్టికను ఒకేసారి అప్పజెప్పించడం మాని, ముగ్గురు పిల్లల మధ్య చిన్న సంభాషణగా ఒక్కో క్రియను నేర్పాలని తల్లిదండ్రుల సమావేశాలలో మనం అడగాలి. మన సంఘం వారాంతపు తెలుగు తరగతిలో పది నిమిషాలు రాశాను, కతబ్తు పక్కపక్కన పలికించడానికి కేటాయిస్తే, ఆ తరగతి తీసుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.