లోకమంతా మ్యాట్నీకే

గ్రామీ అవార్డులంటే, అదే, అమెరికాలో రికార్డింగ్ అకాడమీవారిచ్చే సంగీత బహుమతులంటే నాకు భక్తి. వేళాకోళం కాదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం అర్ధరాత్రి దాటాక రెండింటికి అలారం పెట్టుకుని లేచి, ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుని, యూట్యూబ్‌లో ఆ మధ్యాహ్నం ఆట చూసేవాణ్ణి భక్తుడనకపోతే ఇంకేమంటారు?

మధ్యాహ్నం ఆట సంగతి తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. గ్రామీ ఒకటి కాదు, రెండు. టీవీలో వచ్చేదీ, పేపర్లో గౌన్ల ఫొటోలు పడేదీ సాయంత్రం అయిదింటి ఆట. మనకప్పుడు సోమవారం పొద్దున ఆరున్నర. అంతకుముందే లాస్ ఏంజెలిస్‌లో అదే వీధిలో ఇంకో హాల్లో పన్నెండున్నరకి ఇంకో ఆట పడుతుంది. దాని పేరు ప్రీమియర్ సెరిమనీ. పేరు చూసి మోసపోకండి. ప్రీమియర్ అనగానే మనకి హీరోగారి కటౌటూ పాలాభిషేకమూ గుర్తొస్తాయి. ఇక్కడ హీరోగారు రారు. ఆ వేళకి ఆయన ఇంకా మేకప్పులో ఉంటారు.

2025లో మొత్తం బహుమతులు 94. అందులో 80 పైచిలుకు ఈ మధ్యాహ్నమే పంచేశారు. సాయంత్రం మూడున్నర గంటల వైభవానికి మిగిలినవి పదిలోపే.

కాస్త లెక్క వేద్దాం. పన్నెండున్నర నుంచి అయిదు దాకా 270 నిమిషాలు. తలా మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లోనే అయిదుగురి పేర్లు చదవాలి, కవరు చింపాలి, గెలిచినవాడు ఎక్కడో వెనక వరసలోంచి పక్కవాళ్ల మోకాళ్లు దాటుకుంటూ రావాలి, మెట్లెక్కాలి, గురువుకీ అమ్మకీ రికార్డింగ్ ఇంజినీరుకీ దణ్ణం పెట్టుకోవాలి. భార్య పేరు నోట్లో ఉండగానే టైం అయిపోతే ఆ కాపురం ఏమవుతుందన్నది అకాడమీవారి పరిధిలోకి రాదు. గెలిచినవాడు అసలు రాలేదా, మహాసంతోషం, రెండు నిమిషాలు కలిసొచ్చాయి. తరవాతి కవరు! రేషన్ షాపులో పేరు పిలవగానే సంచీతో సిద్ధంగా ఉండాలి చూడండి, అలా. తబలా కళాకారుడు చిన్న సుత్తి తీసి శ్రుతి సరిచేసుకోవడానికే మూడు నిమిషాలు చాలవు.

సాయంత్రం ఆటకి మాత్రం టైం బోలెడు. బల్లల మధ్య తిరుగుతూ జోకులేసే వ్యాఖ్యాత, ఆ జోకుకి నవ్వే తార, ఆ తార నవ్వు చూసి నవ్వే ఇంకో తార, ఇద్దర్నీ మార్చి మార్చి చూపించే కెమెరా, ఆపైన అడ్వర్టైజ్‌మెంట్లు. మగపెళ్లివారు దిగకముందే పనివాళ్లకో బంతి పెట్టేసి, ఆకులెత్తేసి, పందిట్లో కనపడకుండా పంపేసినట్టుంటుంది.

ఇంతకీ ఆ బంతిలో కూర్చునేదెవరు? జాజ్, ఒపెరా, బ్లూస్, ఇలా సంగీతం అనదగ్గది చాలామటుకు అక్కడే. వాళ్లతోపాటు ఒక మూల, ఆకు సగం చిరిగినచోట, ప్రపంచం.

అవును, ప్రపంచమే. 1992లో అకాడమీవారు 'వరల్డ్ మ్యూజిక్' అని ఒక గంప తెచ్చి పెట్టారు. 2020 నవంబరులో వారికి జ్ఞానోదయమైంది. ఆ మాటలో వలస పాలన వాసన కొడుతోందనీ, 'అమెరికాది కానిది' అన్న అర్థం ధ్వనిస్తోందనీ గ్రహించి, పేరు 'గ్లోబల్ మ్యూజిక్' అని మార్చారు. ఇంత విప్లవాన్ని మన భాషలోకి దించాల్సిన సబ్‌ఎడిటర్ అవస్థ ఊహించుకోండి. నిన్నటిదాకా 'ఉత్తమ ప్రపంచ సంగీత ఆల్బమ్' అని రాశాడు. ఇక మీదట 'ఉత్తమ ప్రపంచ సంగీత ఆల్బమ్' అని రాయాలి. తెలుగులో వలస పాలన ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఆ సబ్‌ఎడిటర్‌కి ఇప్పటికీ అంతుపట్టలేదు.

గంప మాత్రం అదే. అందులోనే హిందుస్తానీ, అందులోనే కవ్వాలీ, అందులోనే ఇండోనేసియా గమెలాన్, మంగోలియా గొంతుపాట. 72 మేళకర్త రాగాలున్న కర్ణాటక సంగీతానికి తనదంటూ ఒక గడి లేదు. 54 దేశాల ఆఫ్రికా ఖండానికి 2024లో దయతలచి ఒక బహుమతి విడిగా ఇచ్చారు.

అదే వాళ్ల పెరటి పాటలైతే? రూట్స్ పెర్ఫార్మెన్స్, రూట్స్ సాంగ్, అమెరికానా పెర్ఫార్మెన్స్, అమెరికానా ఆల్బమ్, పాత బ్లూస్, కొత్త బ్లూస్, ఫోక్... పెరట్లో మొలిచిన ప్రతి వేరుకీ ఒక బోర్డు. బ్లూగ్రాస్ అనే నీలిగడ్డికీ ఒక బహుమతి. 2009 దాకా పోల్కా అనే గెంతుల నాట్యపు పాటలకి కూడా విడిగా ఒకటుండేది. దాన్ని జిమ్మీ స్టర్ అనే ఆయన 18 సార్లు గెలుచుకున్నాడు. ఆయన్నేమీ అనడం లేదు, బాగానే వాయించి ఉంటాడు.

విచిత్రమేమిటంటే, మనల్ని ఇలా గౌరవించడం మొదలుపెట్టక ముందే మన పరిస్థితి మెరుగ్గా ఉండేది. 1968లో సితార్ విద్వాంసుడు రవిశంకర్‌కి మొదటి గ్రామీ వచ్చింది. పాశ్చాత్య విద్వాంసుడు మెనుహిన్ వయొలిన్‌తో జుగల్‌బందీకి, ఛాంబర్ మ్యూజిక్ అనే, కొద్దిమంది కలిసి వాయించే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు విభాగంలో. గంప ఇంకా పుట్టలేదు కాబట్టి అందరితోపాటే కూర్చోబెట్టారు. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఆయనా బీటిల్స్ బృందపు జార్జ్ హారిసనూ పెట్టిన కచేరీ రికార్డుకి 1973లో ఏకంగా 'ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్' ఇచ్చారు. ఇప్పుడు రాత్రి ఆఖర్న, ఊపిరి బిగబట్టించి ఇస్తారే, ఆ బహుమతి. ఈ రెండు రికార్డుల్లోనూ తబలా అల్లా రఖాది.

ఆయన కొడుకు జాకీర్ హుస్సేన్.

2024 ఫిబ్రవరి 4న జాకీర్ హుస్సేన్‌కి ఒక్కరోజే మూడు గ్రామీలు వచ్చాయి. మూడూ మధ్యాహ్నం ఆటలోనే. సరే, అలవాటే, మేం సర్దుకున్నాం. అర్ధరాత్రి లేచి చూసి, తెల్లారి అందరికీ చెప్పుకుని మురిశాం. ఆ డిసెంబరు 15న ఆయన పోయారు. ఎక్కడో లోకం అవతల కూడా కాదు, శాన్‌ఫ్రాన్సిస్కోలో. దశాబ్దాలు కాపురమున్నది ఆ కాలిఫోర్నియాలోనే. గ్రామీ హాలున్న రాష్ట్రంలోనే.

2025 ఫిబ్రవరి 2 సాయంత్రం, ఆ ఏడాది పోయినవాళ్లని తలచుకునే ఘట్టం వచ్చింది. దీపాలు తగ్గించారు. పాట మొదలైంది. ఒక్కో ముఖం తెర మీదికి వచ్చి వెళ్తోంది. నేను నిద్రమొహంతో చూస్తూ కూర్చున్నాను. ఇదిగో వస్తుంది, తరవాత వస్తుంది అనుకుంటూనే ఉన్నాను. పాట అయిపోయింది. దీపాలు వెలిగాయి.

రాలేదు.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, క్షమించండి. రెండు సెకన్లు చాలు ఒక ముఖం చూపించడానికి. మూడున్నర గంటల ఆటలో రెండు సెకన్లు లేవా? ఏడాది కిందట మీరే మూడుసార్లు పేరు పిలిచి, మూడు బొమ్మలు చేతిలో పెట్టారు కదా! వాటి మీద ఆ పేరు చెక్కించింది మీరే కదా! లేకపోతే వాటి మీద కూడా 'గ్లోబల్' అని మాత్రమే చెక్కించారా? ఎవరి వేళ్ల కింద తబలా మాట్లాడేదో, ఎవరు వాయిస్తుంటే పక్కన కూర్చున్న మీ బాంజో వాయిద్యగాడు తన వాయిద్యం మరిచిపోయి నోరు తెరుచుకుని చూసేవాడో, ఆ మనిషిని మరిచిపోయారు. సిగ్గుండాలి.

ఆ పొద్దున వ్యాఖ్యాత బల్లల మధ్య తిరుగుతూ ఇంకో జోకు వేశాడు. కెమెరా ఒక తారని చూపించింది. ఆమె బాగానే నవ్వింది.