పుట్టేవారు తగ్గుతున్నా పెరిగే జనాభా

ప్రపంచ జనాభా 2022 నవంబరు 15న 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించగానే ‘జనాభా విస్ఫోటనం’ అన్న పాత మాట మళ్లీ వినబడింది. జనం పెరుగుతున్నారంటే కాన్పులూ పెరుగుతున్నట్టేనని చాలామంది నమ్ముతారు. లెక్కలు అలా చెప్పడం లేదు. 1960లలో సగటున ఒక స్త్రీకి అయిదుగురు పిల్లలు. 2024 అంచనాల్లో అది 2.25. అప్పట్లో రెండు శాతం దాటిన వార్షిక వృద్ధి ఇప్పుడు ఒక శాతం లోపే. 2080ల మధ్యలో దాదాపు 1,030 కోట్ల వద్ద జనాభా గరిష్ఠానికి చేరి, ఆపై తగ్గుముఖం పడుతుందని ఐరాస అంచనా.

మరి ఇంకా పెరగడం ఎందుకు? ఒక ఊళ్లో తాతల తరం 100 మంది, తల్లిదండ్రులు 200, పిల్లలు 300 ఉన్నారనుకుందాం. మొత్తం 600. ఇకపై ప్రతి జంటా ఇద్దరినే కన్నా, ఈ 300 మందికి మరో 300 మంది పుడతారు. కాలం చేసేది మాత్రం 100 మంది తాతల తరమే. ఊరు 800 అవుతుంది. మరో తరానికి 900. ఎవరూ ఇద్దరికి మించి కనలేదు; పెరిగినదంతా అంతకుముందే పుట్టినవారి వల్లే. పసివాళ్ల మరణాలు తగ్గి, ఆయుర్దాయం పెరగడం దీనికి తోడు.

భారత్ ఉన్నది ఈ దశలోనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం సంతానోత్పత్తి రేటు (ఒక స్త్రీ సగటున కనే పిల్లల సంఖ్య) దేశంలో 2.0, తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. తరం స్థానంలో తరం నిలవాలంటే 2.1 కావాలి. మగపిల్లలు కాస్త ఎక్కువ పుడతారు, కొందరు ఆడపిల్లలు తల్లులయ్యే వయసు రాకముందే చనిపోతారు కనుక ఇద్దరి మీద ఆ కొసరు.

శిక్షిస్తేనే కాన్పులు తగ్గుతాయన్నది మరో అపోహ. కేరళ, చట్టం బెదిరింపు లేకుండానే, ఆడపిల్లల చదువుతో, పసివాళ్లు బతకడంతో 1990కి ముందే ఆ 2.1 స్థాయికి దిగింది. బంగ్లాదేశ్‌లో మహిళా కార్యకర్తలు గర్భనిరోధక సాధనాలను ఇంటింటికీ తీసుకెళ్లారు. 1970లలో ఏడుకు దగ్గరగా ఉన్న రేటు ఇప్పుడు రెండు దరిదాపుల్లో ఉంది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తివేయడం సరైన పనే. అయితే పాలకులు నిన్న వద్దన్న నోటితోనే ఇవాళ ఎక్కువమందిని కనమనడాన్ని మేం సమర్థించలేం. కనే నిర్ణయం స్త్రీది.

చేయవలసిన పని వేరే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. తల్లులు ఇరవై ఏళ్లకు కంటే శతాబ్దానికి అయిదు తరాలు, పాతికకు కంటే నాలుగే. పిల్లల సంఖ్య మారకపోయినా పెరుగుదల నెమ్మదిస్తుంది, తల్లి ఆరోగ్యమూ నిలుస్తుంది. మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ల ఆపరేషనే అయిపోయింది: రాష్ట్రంలో వివాహితల్లో దాదాపు 70 శాతం మంది చేయించుకున్నారు. అంతకన్నా తేలికైన వేసెక్టమీ (మగవారికి చేసే ఆపరేషన్) ఒక శాతం కూడా లేదు. కాన్పుల మధ్య ఎడం కోరే పడుచు జంటకు కాపర్-టీ, ఇంజెక్షన్, మాత్రలు, నిరోధ్ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగిన రోజే దొరకాలి. భర్తలకు కౌన్సెలింగ్ పెళ్లయిన తొలి ఏడాదిలోనే మొదలవ్వాలి.