ఎర్రమట్టి దిబ్బలకు 300 రూపాయల టికెట్టు

మా వీధి ట్రెక్కింగ్ బ్యాచ్ విశాఖపట్నం పోయి, భీమిలి రోడ్డులో ఉన్న ఎర్రమట్టి దిబ్బల్లో తిరిగి, తీవ్రమైన అసంతృప్తితో తిరుపతి చేరుకుంది. వాళ్ళ ఫిర్యాదు ఏమిటయ్యా అంటే, అక్కడ మెట్లు లేవు.

నిజమే, ఘోరం. అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కిన మోకాళ్ళు మనవి. అలాంటి మోకాళ్ళను తీసుకుపోయి, అడుగేస్తే జానెడు ముందుకు పోయి బెత్తెడు వెనక్కి జారే ఇసుకలో వదిలేస్తే అవమానం కాదా? నెత్తిన కప్పు లేదు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, మలుపు తిరిగితే బజ్జీల బండి లేదు. "ఏముండాది సామీ ఆడ? ఉత్త ఇసకే కదా! దీనికోసరం రాత్రంతా రైల్లో పోవాల్నా?" అని బ్యాచ్ లీడరు టీ కొట్టు దగ్గర అందరికీ వినపడేట్టు అడిగాడు. ఎవరూ ఏమీ అనలేదు. సగం మందికి అదే అభిప్రాయం మరి.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. దిబ్బల అభివృద్ధికి ఆయన ఒక వినతిపత్రం కూడా రాశాడు. చదివి వినిపించాడు. మొదటి కోరిక, మెట్లు. మెట్లకు పునాది నిలవాలి కాబట్టి, పైగా దిబ్బలు ఎగుడుదిగుడుగా ఉండి పెద్దవాళ్ళకు ఇబ్బంది కాబట్టి, ముందుగా జేసీబీ పెట్టి మొత్తం చదును చేయాలట. చదును చేశాక చూడటానికి ఏం మిగులుతుంది స్వామీ అని అడిగితే, "మెట్లుంటాయి కదా" అన్నాడు.

తర్వాత క్యూ కాంప్లెక్స్. 300 రూపాయలకు ప్రత్యేక ప్రవేశ దిబ్బ దర్శనం, మిగతావాళ్ళకు టైం స్లాట్ టోకెన్లు, ఎమ్మెల్యే లెటర్ తెచ్చుకున్నవాళ్ళకు తెల్లవారుజామునే బ్రేక్. సర్వదర్శనం జనం కంపార్ట్‌మెంట్లలో కూర్చుని ఉప్మా తింటూ గేటు ఎప్పుడు తీస్తారా అని ఎదురుచూడాలి. తీరా దిబ్బ ముందుకు వచ్చి కళ్ళు పైకెత్తేసరికి "జరగండమ్మా, జరగండి, వెనకాల జనం ఉండారు" అని భుజం మీద చెయ్యేసి నెట్టడానికి మనుషులు కావాలి, లేకపోతే చూసినట్టే ఉండదట. బయటికి వచ్చాక ప్రసాదంగా తలా ఒక పొట్లం ఎర్రమట్టి ఉచితం, అదనపు పొట్లం 50 రూపాయలు. చివర్లో కల్యాణకట్ట కూడా రాశాడు. అది ఎందుకయ్యా అంటే, "ఉంటే మంచిదే కదా" అన్నాడు. జేసీబీతో దిబ్బకే గుండు కొట్టించాక మనుషులకు వేరే కొట్టాలా అని నా సందేహం.

ఆయన ఉత్త ఇసక అన్నది వేల ఏళ్ళ పాటు సముద్రపు గాలి తెచ్చి పోసిన ఇసుక. అందులోని ఇనుము తుప్పు పట్టి రేణువు రేణువుకూ ఎర్రటి పూత పూసింది. వాన నీళ్ళు కోసుకుంటూ పోయి లోయలు చేశాయి. ఇంకా గట్టి రాయి కాలేదు, వేలితో గీరితే రాలుతుంది. అందుకే దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో కూడా చేరింది, అదీ మన తిరుమల కొండలతో పాటే. తిరుమల కొండలు దేనికి చేరాయో బ్యాచ్‌లో ఒక్కడికీ తెలియదు. ఘాట్ రోడ్డు పక్కన ఒక రాతి పొరకూ దాని మీది పొరకూ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ళ తేడా ఉన్న చోటు ఉంది, ప్రపంచంలోని భూగర్భ శాస్త్రవేత్తలకు తెలిసిన చోటు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మనవాళ్ళు బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంటుంటారు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. తర్వాత లీడరు ఫోన్ తీసి ఫొటోలు చూపించాడు.

దిబ్బ గోడ మీద తాళం చెవితో చెక్కిన పేర్లు, పక్కన లవ్ గుర్తు. రీల్ కోసం పైనుంచి కిందికి జారుతున్న నలుగురు, వాళ్ళతో పాటు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వస్తున్న అంచు. జీడిమామిడి చెట్టు కింద బిర్యానీ ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు. ఒరేయ్, ఇదే మనుషులు అలిపిరి తనిఖీ దగ్గర బ్యాగు విప్పి సీసా తీసి బుద్ధిగా పక్కన పెడతారు! ఎందుకంటే అక్కడ విజిలెన్స్ వాడు ఉంటాడు, లాక్కుంటాడు. దిబ్బ దగ్గర అడిగేవాడు లేడు కాబట్టి అది మీ అబ్బ సొత్తా? వేల ఏళ్ళు పట్టిన గోడను ఇరవై సెకన్ల వీడియో కోసం కూలగొట్టి, పైగా అక్కడ ఏమీ లేదని ఊరంతా చాటింపా? మట్టి తవ్వుకుపోయే లారీల వాడు కూడా ఇదే మాటంటాడు, ఉత్త ఇసకే కదా అని. వాడు కనీసం డబ్బు కోసం చేస్తాడు. మీకేం వచ్చింది, నలభై లైకులా?

ఇదంతా కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, టీ కొట్టాయన గ్లాసు లాక్కున్నాడు. లీడరు మాత్రం చలించలేదు. "నువ్వు చెప్పేది కరెక్టే సామీ, ఆడ పేర్లు రాయగూడదని ఒక బోర్డు పెట్టాల" అంటూ వినతిపత్రంలో ఇంకో కోరిక చేర్చాడు. నేను ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూపించాను. వెనకాల బోర్డు ఉంది. దాని మీద వీళ్ళ బ్యాచ్ పేరు, తేదీతో సహా.