సవరణ: చిలికాలో ఉన్నవి గంగా డాల్ఫిన్లు కావు

మంచినీటి డాల్ఫిన్ల మీద మొన్న పెట్టిన పోస్టులో తప్పులు దొర్లాయి. చిలికా సరస్సులో కనిపించేవి గంగా డాల్ఫిన్లేనని రాసేశాను. కాదు, అవి ఇరావడి డాల్ఫిన్లు. వాటి తల గుండ్రంగా ఉంటుంది, గంగా డాల్ఫిన్‌కైతే మూతి సన్నగా పొడుగ్గా ఉండి, నోరు మూసినా పళ్లు బయటికే కనిపిస్తుంటాయి. నేనే పెట్టిన ఫొటో చూసైనా నాకు అనుమానం రావాల్సింది!

అసలు పెద్ద తప్పు ఇంకోటి. వేట ఆపేస్తే చాలు, గంగా డాల్ఫిన్లు బతికేస్తాయన్నట్టు రాశాను. చట్టప్రకారం వేట 1972 నుంచే నేరం, అయినా చావులు ఆగలేదు, ఎందుకంటే ఈ డాల్ఫిన్‌కి కళ్లు దాదాపు కనపడవు, శబ్దం చేసి దాని ప్రతిధ్వనితోనే దారి వెతుక్కుంటుంది, సన్నటి నైలాన్ వల ఆ ప్రతిధ్వనికి సరిగ్గా దొరకదు. చేపల కోసం వేసిన వలలో చిక్కుకుని, గాలి కోసం పైకి రాలేక, ఊపిరాడక చచ్చిపోతుంది. గంగ మీద కట్టిన ఫరక్కా లాంటి బ్యారేజీలు వాటి గుంపుల్ని విడదీయడం దీనికి అదనం.

లెక్క కూడా సరిచేస్తున్నా: దేశంలోని నదుల్లో ఉన్న డాల్ఫిన్లంటూ 2025లో ప్రకటించిన 6,327లో గంగా డాల్ఫిన్లు 6,324, మిగతా 3 బియాస్ నదిలోని సింధు డాల్ఫిన్లు. అవును, మూడే.