కొన్న గేమ్ మనది కాకపోతే కాపీ తప్పు కాదా? ఒక నినాదానికి సమాధానం

వీడియో గేములు ఆడేవారి మధ్య కొంతకాలంగా ఒక నినాదం బాగా తిరుగుతోంది: "కొనడమంటే సొంతం చేసుకోవడం కానప్పుడు, కాపీ చేసుకోవడం దొంగతనం కాదు." ఇంగ్లీషులో పుట్టిన ఈ మాట చేతులు మారుతున్న కొద్దీ దానికి మరికొన్ని వాదనలు తోడయ్యాయి. డబ్బు కట్టిన గేమ్‌ను కంపెనీ ఎప్పుడైనా వెనక్కి లాక్కుంటుందని, కాపీ చేస్తే ఎవరి దగ్గరా ఏమీ తగ్గదని, గేముల ధరలు చరిత్రలో ఎన్నడూ లేనంతగా పెరిగాయని, అమ్మకంలో లేని పాత గేములు అందరి సొత్తేనని, నష్టమేదైనా ఉంటే అది కోట్లున్న కంపెనీలకేనని ఆ వాదన సాగుతుంది. ఈ ఐదింటిలో మొదటిది నిజం. మిగిలిన నాలుగూ ఆ నిజం భుజమెక్కి నిలబడ్డాయి. కొనుగోలుదారుకు జరుగుతున్న అన్యాయం చిన్నది కాదు; దానికి అడగవలసిన చోట జవాబు అడగనివ్వకుండా ఈ నినాదం మనల్ని పక్కదారి పట్టిస్తోందన్నదే నా అభ్యంతరం.

ముందుగా ఆ నిజం సంగతి చూద్దాం. ఫ్రెంచ్ కంపెనీ యూబీసాఫ్ట్ 2014 డిసెంబరులో 'ద క్రూ' అనే కార్ల పందెం గేమ్‌ను విడుదల చేసింది. ఒక్కరే కూర్చుని ఆడుకున్నా సరే, అది కంపెనీ సర్వర్‌తో నిరంతరం మాట్లాడుతూ ఉండాల్సిందే. 2023 డిసెంబరులో దాని అమ్మకం ఆపేసి, 2024 మార్చి 31న సర్వర్లు మూసేశారు. ఆ తర్వాత కొన్నవారి ఖాతాల్లోంచి లైసెన్సులను, అంటే గేమ్ ఆడే అనుమతులను, కూడా తొలగించారు. డిస్క్ కొని అల్మరాలో భద్రంగా పెట్టుకున్నవారి గతీ అంతే: పెడితే డిస్క్ తిరుగుతుంది, గేమ్ మాత్రం తెరుచుకోదు. ఖాతాలోని గేమ్ బొమ్మ మీద నొక్కినవారికి, ఇకపై మీకు ఇందులో ప్రవేశం లేదు, దుకాణంలో వేరే గేమ్ ఏదైనా చూసుకోండి అనే అర్థం వచ్చే సందేశం కనిపించింది. పదేళ్ల కిందట పూర్తి ధర చెల్లించిన మనిషికి దక్కిన జవాబు అది. కాలిఫోర్నియాలో ఇద్దరు కొనుగోలుదారులు 2024 నవంబరులో దావా వేశారు. గేమ్‌తో వచ్చిన కోడ్‌కు గడువు 2099 వరకు ఉన్న సంగతిని ఆ తర్వాత కోర్టు దృష్టికి తెచ్చారు. 2024 జనవరిలో యూబీసాఫ్ట్ అధికారి ఒకరు చందా పద్ధతి గురించి మాట్లాడుతూ, గేములు తమ సొంతం కాకపోవడానికి ఆటగాళ్లు అలవాటు పడాలన్న ధోరణిలో అన్న మాట కూడా ఈ నినాదానికి బలాన్నిచ్చింది. కోపం రావడంలో తప్పేమీ లేదు. నాకూ వచ్చింది.

అయితే నినాదం తన సొంత ఉదాహరణ దగ్గరే తడబడుతుంది. 'ద క్రూ'ను పైరసీ కాపాడలేకపోయింది. గేమ్ ఫైళ్లను ఎన్ని కాపీలు తీసి దాచుకున్నా, అవతల సర్వర్ లేకపోతే అవి పనికిరావు. 2025 సెప్టెంబరులో ఆ గేమ్‌కు మళ్లీ ప్రాణం పోసిన అభిమానులు, కంపెనీ సర్వర్ చేసే పనిని ఓపికగా పరిశీలించి, ఆ పని చేసే ప్రోగ్రామ్‌ను తమంతట తాము రాసుకున్నారు. కంపెనీలో చలనం తెచ్చినది కూడా కాపీలు కాదు. ఆటగాళ్ల ఒత్తిడి తర్వాత 2024 సెప్టెంబరులో, ఈ వరుసలోని తర్వాతి రెండు గేములకు సర్వర్ లేకపోయినా ఆడుకునే వీలు కల్పిస్తామని యూబీసాఫ్ట్ ప్రకటించింది. మూసివేసేటప్పుడు గేమ్‌ను ఆడుకోదగిన స్థితిలో వదిలి వెళ్లాలని కోరుతూ యూరప్ పౌరులు మొదలుపెట్టిన అధికారిక పిటిషన్ మీద 2025 జులై నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి.

ఇక రెండో వాదన: ఎవరి దగ్గరా ఏమీ తగ్గదు కాబట్టి అది దొంగతనం కాదు. చట్టం మాట వరకే తీసుకుంటే ఇందులో సగం సరైనదే. ఎల్విస్ ప్రెస్లీ పాటల అనధికార రికార్డులు అమ్మిన డౌలింగ్ అనే వ్యక్తి కేసులో 1985లో అమెరికా సుప్రీంకోర్టు, కాపీరైట్ ఉల్లంఘనను దొంగసొత్తు రవాణాతో సమానం చేయలేమని తేల్చింది. కానీ ఆ తీర్పు చెప్పింది అంతవరకే. కాపీరైట్ ఉల్లంఘన అన్నది వేరే పేరున్న వేరే నేరమని, దానికి వేరే చట్టం ఉందని కూడా అందులోనే ఉంది. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బీ సెక్షన్, అనధికార కాపీ అని తెలిసి కూడా కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను వాడినవారికి ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చంటుంది. వ్యాపారం కోసం కాకపోతే జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంది. ఏదేమైనా దొంగతనం అనే పేరు తగదని నిరూపించినంత మాత్రాన, తప్పు కాదని నిరూపించినట్టు కాదు.

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి తర్కాన్నే చూద్దాం. అద్దెదారు ఇచ్చిన అడ్వాన్సును ఇంటి యజమాని ఎగ్గొట్టాడనుకుందాం. అద్దెదారుకు ఆ యజమాని మీద హక్కు పుడుతుంది. పంచాయితీ పెట్టవచ్చు, కోర్టుకు వెళ్లవచ్చు. అదే కారణం చూపించి ఎదురింటివాడు వచ్చి ఆ వాటాలో కాపురం పెడితే ఎవరూ ఒప్పుకోరు. 'ద క్రూ' విషయంలో మోసపోయింది డబ్బు కట్టినవాడు. ఎన్నడూ ఒక్క రూపాయి కట్టనివాడు అతడి గాయాన్ని తన అనుమతి పత్రంగా చూపిస్తున్నాడు. డబ్బు కట్టి, గేమ్ పోగొట్టుకొని, తర్వాత ఎక్కడో దాని కాపీ సంపాదించుకున్న మనిషి సంగతి వేరు. అతణ్ని నేను తప్పుపట్టను. చట్టబద్ధంగా సంపాదించిన ప్రోగ్రామ్‌కు నష్టపోకుండా ఒక నకలు తీసి ఉంచుకునే వీలును మన కాపీరైట్ చట్టం 52వ సెక్షనే ఇస్తోంది. ఈ తేడాను నినాదం పూర్తిగా చెరిపేస్తుంది.

నష్టం లెక్కల విషయంలో కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. యూరోపియన్ కమిషన్ చేయించి 2017లో వెలుగుచూసిన ఒక అధ్యయనం, గేముల విషయంలో పైరసీ వల్ల అమ్మకాలు తగ్గినట్టు చూపలేకపోయింది. కాపీ కాకుండా వేసే 'డెనువో' తాళం ఉన్న గేములను పరిశీలించి 2024లో వచ్చిన మరో పరిశోధనలో, విడుదలైన మొదటి వారంలోనే తాళం విరిగితే రాబడి సగటున సుమారు 20 శాతం పడిపోతుందని, 12 వారాలు దాటాక విరిగితే చెప్పుకోదగ్గ నష్టమేమీ ఉండదని తేలింది. ఈ రెండో ఫలితం ఇరుపక్షాలకూ ఇబ్బందికరమైనదే. కాపీ వల్ల ఏమీ తగ్గదన్నవారి మాట అక్కడ నిలబడదు. మూడు నెలలు దాటాక కూడా కొన్నవాడి కంప్యూటర్‌కు ఆ తాళం వేసి ఉంచడానికి కంపెనీలు చెప్పే సాకూ నిలబడదు.

ధరల గురించిన మూడో వాదన అంకెల దగ్గరే తప్పింది. అమెరికాలో 2005, 2006 నుంచి పెద్ద గేముల ధర 60 డాలర్ల దగ్గర స్థిరపడింది. 2020లో టీవీకి తగిలించి గేములాడే కొత్త కన్సోల్‌లతో పాటు అది 70 అయింది. 2025 జూన్‌లో నింటెండో తన 'మారియో కార్ట్ వరల్డ్'ను 80 డాలర్లకు అమ్మింది. చూడడానికి పెరుగుదలే. కానీ ద్రవ్యోల్బణాన్ని కలిపి లెక్క వేస్తే 2006 నాటి 60 డాలర్లు ఈనాటి 90కి పైమాటే. 1990ల మధ్యలో సూపర్ నింటెండో యంత్రంలో పెట్టే గేమ్ కార్ట్రిడ్జులు కొన్ని 70 డాలర్లకు పైగా పలికాయి. అది ఈనాటి లెక్కలో 140 డాలర్లు దాటుతుంది. కార్ట్రిడ్జులోని చిప్పులే అప్పట్లో ఖరీదైనవి. కాబట్టి ఎన్నడూ లేనంత ధర అన్నది అవాస్తవం. మన దేశంలో ఈ ధరలు భారమన్నది మాత్రం కాదనలేని మాట. సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ 4 కాలంలో 3,999 రూపాయలున్న పెద్ద గేమ్ ప్లేస్టేషన్ 5 వచ్చేసరికి 4,999 అయింది. నెల జీతంలో అదెంత భాగమో ఇక్కడి కుటుంబాలకు తెలుసు.

అసలు పెరిగిన ధర వేరే చోట ఉంది, దాన్ని ఈ నినాదం గమనించనే లేదు. డిస్క్ కొన్నవాడు గేమ్ పూర్తయ్యాక దాన్ని స్నేహితుడికి ఇచ్చేవాడు, లేదా మళ్లీ అమ్ముకునేవాడు. నాలుగు వేలకు కొని రెండున్నర వేలకు అమ్మితే అతడికి పడింది పదిహేను వందలు. డిజిటల్‌గా కొన్న గేమ్‌ను అమ్ముకోవడానికి, తమ్ముడికి రాసివ్వడానికి వీలు లేదు కాబట్టి ధర బిళ్ల మీద అంకె మారకపోయినా కొనుగోలుదారుకు పడే ఖర్చు పెరిగినట్టే. ఇది తెలిసే 2013లో మైక్రోసాఫ్ట్ డిస్కుల పునర్విక్రయానికి కూడా షరతులు పెట్టబోయింది. ఆటగాళ్లు గట్టిగా వ్యతిరేకించడంతో కొద్ది వారాల్లోనే వెనక్కి తగ్గింది. ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుల సంఘం స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం నడిపే వాల్వ్ మీద వేసిన కేసులో, కొన్న గేమ్‌ను తిరిగి అమ్ముకునే హక్కు ఉందని 2019లో పారిస్ కోర్టు తీర్పిచ్చింది. 2022లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. గేముల ధర గురించి నిజంగా పోరాడదలచినవారికి ఆ తీర్పే అసలైన ఓటమి. దాని గురించి ఈ ప్రచారంలో ఒక్క వాక్యం కూడా కనిపించదు.

నాలుగో వాదనకు, అంటే పాత గేములు అందరి సొత్తన్నదానికి, పొట్టి సమాధానం చాలు. అమ్మకం ఆగినంత మాత్రాన కాపీరైట్ ఆగదు. సంస్థ పేరున వచ్చిన గేమ్‌కు అమెరికా చట్టం విడుదల నుంచి 95 ఏళ్ల రక్షణ ఇస్తుంది. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్' అక్కడ 2080 చివరి వరకు నింటెండోదే. అలాగని ఈ పరిస్థితి న్యాయమైనదని నేను అనను. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం నేడు ఏ దుకాణంలోనూ దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. పరిశోధకులు అలాంటి గేములను గ్రంథాలయాల ద్వారా దూరం నుంచే చూసుకునే వీలు ఇవ్వమని అడిగితే అమెరికా కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో నిరాకరించింది. అది తప్పుడు నిర్ణయమని నా అభిప్రాయం. పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ తయారీ దానంతట అది కాపీరైట్ ఉల్లంఘన కాదని 2000లో సోనీ, కనెక్టిక్స్ కేసులో అక్కడి అప్పీలు కోర్టే చెప్పింది కాబట్టి, భద్రపరిచే పనికి చట్టంలో దారి బొత్తిగా లేకపోలేదు.

నష్టం పెద్ద కంపెనీలకే అన్న చివరి మాట గురించి నా అనుభవంలోంచి కొంత చెప్పాలి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఒక సందులో, చదువుకునే రోజుల్లో నేనూ వంద రూపాయల డీవీడీలు కొన్నాను. పలచని ప్లాస్టిక్ కవరు, అందులో జిరాక్స్ తీసిన అట్ట బొమ్మ, డిస్క్ మీద మార్కర్‌తో ఒకటి, రెండు అని అంకెలు. లోపల తాళం విరిచే ఫైలున్న 'క్రాక్' అనే ఫోల్డరు, దాని పక్కన ఆంటీవైరస్ ఆపేసి ఈ ఫైలును అసలు ఫైలు మీద అతికించమని రాసిన చిన్న చీటీ. అసలు డిస్క్ అప్పట్లో మాకు దొరికేది కాదు, దొరికినా కొనగలిగే ధరలో ఉండేది కాదు. ఆ వంద రూపాయల్లో గేమ్ చేసినవారికి ఒక్క పైసా వెళ్లలేదు, అట్ట మీద వారి పేరు కూడా లేదు. అందులో పెద్ద కంపెనీల గేములూ ఉన్నాయి, పది మంది లేని బృందాలవీ ఉన్నాయి. ఆ ఫోల్డరుకు ఆ తేడా తెలియదు.

నేటి చిన్న బృందాల సంగతి చూస్తే ఈ వాదన ఎంత బలహీనమో తెలుస్తుంది. 'స్టార్‌డ్యూ వ్యాలీ'ని ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని తయారుచేసి 2016లో 15 డాలర్లకు విడుదల చేశాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇచ్చిన పెద్ద పెద్ద చేర్పులన్నీ ఉచితమే. 2020లో 'రాజీ'ని తీసుకొచ్చింది పుణెలోని నోడింగ్ హెడ్స్ అనే చిన్న స్టూడియో. స్టీమ్ మామూలుగా 30 శాతం కోత పెట్టుకుంటుంది. అమ్మకాలు కోటి డాలర్లు దాటితే 25, ఐదు కోట్లు దాటితే 20 శాతం. అంటే రాయితీ పెద్దవారికి, పూర్తి కోత చిన్నవారికి. అలాంటి బృందానికి మొదటి వారం రాబడే తర్వాతి గేమ్‌కు పెట్టుబడి.

కొనుగోలుదారు చేయదగిన పని ఉంది. కాలిఫోర్నియా 2024 సెప్టెంబరులో తెచ్చిన చట్టం ప్రకారం, ఇచ్చేది లైసెన్స్ మాత్రమే అయినప్పుడు ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదు. శాశ్వతంగా దించుకుని దాచుకోగల కాపీలకు ఈ నిబంధన లేదు. అది అమల్లోకి రాకముందే స్టీమ్ తన చెల్లింపు పేజీలో, ఇది లైసెన్స్ మాత్రమేనని తెలిపే వాక్యాన్ని చేర్చింది. పోలండ్‌కు చెందిన జీఓజీ దుకాణం 2008 నుంచి తాళం లేని కాపీలే అమ్ముతోంది. మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధించింది, 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకాలు ఆన్‌లైన్ దుకాణాల 13 రకాల మాయలను పేర్కొన్నాయి. లైసెన్స్‌ను కొనుగోలు పేరుతో అమ్మడం ఆ జాబితాలో విడిగా లేదు. దాన్ని చేర్చమని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థను అడగవచ్చు. గేమ్ మాయమైనవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. ఆ ఫిర్యాదు చేసేటప్పుడు ఏ దుకాణంలో, ఏ తేదీన, ఎంత చెల్లించారో చెప్పాలి, ఆ బిల్లు జతచేయాలి.